పదార్థం అంటే ఏమిటి? "చోటు, ద్రవ్యరాశి" అనే నిర్వచనం ఎంత దూరం నిలుస్తుంది?

తొలిపొద్దు:

అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం తెలుగులో సైన్సు వ్యాసాలు రాస్తున్నాను. మొదటి వ్యాసం పదార్థం మీద. అక్కడే ఆగిపోయాను. "ద్రవ్యరాశి కలిగి, చోటును ఆక్రమించేదే పదార్థం" అని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. ఆ వాక్యం రాశాక అనుమానాలు మొదలయ్యాయి. ఎలక్ట్రాన్‌కు సైజే లేదంటారు, మరి అది చోటును ఎలా ఆక్రమిస్తుంది? కాంతి పదార్థం కాదంటారు, మరి అదేమిటి? డార్క్ మేటర్‌ను ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు కదా, దాన్ని మేటర్ అని ఎలా అంటున్నారు? యాంటీమేటర్ అంటే మేటర్ కానిదా? మెదడులో గ్రే మేటర్ అంటారు, గాలి కాలుష్యంలో పార్టిక్యులేట్ మేటర్ అంటారు. ఇన్ని చోట్ల తిరిగే మాటకు పిల్లలకు చెప్పగలిగే ఒక్క అర్థం ఉందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రసాయనశాల:

కెమిస్ట్రీ చెప్పేవాణ్ని కాబట్టి ఆ పాత నిర్వచనం తరఫున మాట్లాడతాను. అది చెడ్డదేమీ కాదు. గాలి కూడా పదార్థమేనని పిల్లలకు నమ్మకం కుదరాలంటే అంతకంటే మంచి దారి లేదు. ఖాళీ గ్లాసును బోర్లించి తిన్నగా నీళ్లలోకి ముంచితే నీళ్లు పైదాకా ఎక్కవు. లోపల ఏదో ఉంది, అది చోటు వదలడం లేదు. వేడి, వెలుగు, చప్పుడు ఇలాంటి పరీక్షకు నిలవవు. ఈ తేడా చూపించడమే ఆ నిర్వచనం పని.

ఈ తేడా మనకు ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తోంది కానీ పెద్ద పెద్దవాళ్లకే అది వెంటనే దొరకలేదు. లవోయిజియే 1789లో వేసిన మూలకాల జాబితాలో 33 పేర్లున్నాయి. ఆక్సిజన్, హైడ్రోజన్ వంటి వాటితో పాటు కాంతి, కాలోరిక్ కూడా ఉన్నాయి. కాలోరిక్ అంటే వేడి. వేడి ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి పారే బరువులేని ద్రవం అని ఆయన లెక్క. రసాయనశాస్త్రానికి తూకాన్ని తెచ్చిపెట్టిన మనిషే తూకానికి అందనివాటిని మూలకాల్లో చేర్చాడు. తర్వాత 1798లో రమ్‌ఫర్డ్ ఫిరంగి గొట్టాలను తొలిచే పని గమనిస్తూ, తొలిచినంతసేపూ వేడి వస్తూనే ఉందని చూపించాడు. వేడి లోపల దాచిన సరుకే అయితే ఎప్పటికో ఒకప్పటికి అయిపోవాలి. అది అయిపోవడం లేదు. పదార్థం అనే మాట నుంచి వేడిని తప్పించడానికి అలాంటి ప్రయోగాలు చాలా కావలసి వచ్చాయి.

ఇక తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో మేటర్ వేరు, సబ్‌స్టెన్స్ వేరు, మెటీరియల్ వేరు. మనం మూడింటికీ పదార్థమే వాడేస్తున్నాం. కెమిస్ట్రీలో సబ్‌స్టెన్స్ అంటే ఎక్కడినుంచి తెచ్చినా మారని ఒకే కూర్పు ఉండేది. నీరు అలాంటిది, ఉప్పు అలాంటిది. ఉప్పునీరు మాత్రం ఆ లెక్కలోకి రాదు, అది మిశ్రమం. "ఉప్పునీరు పదార్థమా?" అని పిల్లాడు అడిగితే ఒక పాఠం ప్రకారం అవును, ఇంకో పాఠం ప్రకారం కాదు. అందుకే సబ్‌స్టెన్స్ వచ్చిన ప్రతిచోటా "శుద్ధ పదార్థం" అని రాయండి, పొరపాటున కూడా "శుద్ధ" వదలకండి. మోల్ (కణాల లెక్కలో కొలిచే ప్రమాణం) చెప్పేటప్పుడు కొలుస్తున్నది కూడా ఈ సబ్‌స్టెన్స్‌నే. కణాలెన్ని అన్నదే అక్కడ ప్రశ్న, బరువెంత అని కాదు. 2019 నుంచి మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు అని నేరుగా సంఖ్యతోనే నిర్వచించారు, గ్రాములతో దానికి సంబంధం తెంచేశారు.

క్వార్కు:

మాస్టారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఆ నిర్వచనంలోని రెండు ముక్కలూ లోతుకు వెళ్లేకొద్దీ మారిపోతాయి. పిల్లలకు చెప్పకపోయినా రాసేవాళ్లకు అది తెలిసి ఉండాలి.

ముందు ద్రవ్యరాశి సంగతి. మన ఒంటి బరువు దాదాపు అంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లదే. కణ భౌతికశాస్త్రంలో వాడే కొలతలో ఒక ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. దాని లోపల క్వార్కులు అనే ఇంకా చిన్న కణాలు ఉంటాయి, రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. ఆ మూడింటి సొంత ద్రవ్యరాశులు కలిపితే 10 కూడా రావు. అంటే నూటికి ఒక వంతు. మిగతాది ఆ క్వార్కుల కదలికలోనూ, వాటిని కట్టిపడేసే గ్లువాన్ క్షేత్రంలోనూ ఉన్న శక్తి. 2012 జులై 4న సెర్న్ అనే యూరప్ కణ భౌతిక ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్ కనిపించిందని ప్రకటించినప్పుడు "అన్నిటికీ బరువునిచ్చే కణం" అని చాలాచోట్ల రాశారు. హిగ్స్ క్షేత్రం వల్ల వచ్చేది క్వార్కులు, ఎలక్ట్రాన్ల వంటి వాటి సొంత ద్రవ్యరాశి. తక్కెడలో మన బరువులో అది చిన్న వాటా. కాబట్టి బరువు ఉండటమే పదార్థానికి గుర్తు అనుకుంటే, ఆ బరువులో చాలా భాగం శక్తి అని కూడా ఒప్పుకోవాలి.

ఇక చోటు. ఇది ఇంకా బాగుంటుంది. ఎలక్ట్రాన్‌కు ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ సైజు కనబడలేదు. సైజు లేని కణాలు కలిసి చోటును ఎలా నింపుతాయన్న తొలిపొద్దు గారి ప్రశ్న సరైన ప్రశ్న. జవాబు 1925లో పౌలీ చెప్పిన వర్జన నియమంలో ఉంది. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండలేవు. కింది గదులు నిండితే కొత్తగా వచ్చినవి పై గదులకు వెళ్లాల్సిందే. అందుకే పరమాణువుకు ఒక లావు ఉంటుంది, అందుకే దాన్ని నొక్కితే ఎదురు తంతుంది. చోటు ఆక్రమించడం అనేది ఒక్కో కణానికి విడిగా ఉండే గుణం కాదు, ఆ కణాలు గుంపుగా ఉన్నప్పుడు పుట్టుకొచ్చే గుణం.

ఈ నియమం బలం ఎంతో చూడాలంటే శ్వేతకుబ్జ తారలను చూడాలి. సిరియస్ బి అనే తార సైజు ఇంచుమించు భూమంత, బరువు ఇంచుమించు సూర్యుడంత. లోపల మండటం ఆగిపోయింది. అయినా కుప్పకూలిపోవడం లేదు. దాన్ని నిలబెడుతున్నది ఎలక్ట్రాన్లకున్న ఈ నియమమే. అది కూడా ఒక హద్దు వరకేనని 1930లో చంద్రశేఖర్ లెక్కగట్టాడు. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు కూడా నిండలేదు. ఇప్పుడు ఆ హద్దును సూర్యుడి బరువుకు 1.4 రెట్లు అని చెబుతాం.

కాంతి కణాలకు ఈ నియమం వర్తించదు. ఫోటాన్లు ఎన్నయినా ఒకే స్థితిలో ఉండగలవు. కాబట్టి మా వాళ్లలో చాలామంది పదార్థం అంటే క్వార్కులు, లెప్టాన్లు (ఎలక్ట్రాన్ వంటివి) అంటారు. అంటే వర్జన నియమం పాటించే మూల కణాలు. మిగిలినవి ఎక్కువగా బలాలను మోసే కణాలు. వాటిలో డబ్ల్యూ బోసాన్ ప్రోటాన్ కంటే సుమారు 86 రెట్లు, జడ్ బోసాన్ సుమారు 97 రెట్లు బరువు, అయినా వాటిని పదార్థం లెక్కలో వెయ్యం. ఇక్కడ బరువు కొలబద్ద కానే కాదు.

మబ్బుచాటు:

చిన్న సందేహం. బల్ల మీద చెయ్యి పెడితే లోపలికి దూసుకుపోకుండా ఆగేది ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ వల్ల అని చదివాను. మీరు పౌలీ అంటున్నారు. రెండిట్లో ఏది?

క్వార్కు:

మబ్బుచాటు గారూ, రెండూ ఉన్నాయి, కానీ వికర్షణ ఒక్కటే చాలదు. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎన్నో కేంద్రకంలో ధనావేశం కూడా అంతే. వికర్షణ ఉన్నట్టే ఆకర్షణ కూడా ఉంది. వర్జన నియమాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే, కణాలు పెరిగేకొద్దీ మొత్తం ముద్ద ఇంకా ఇంకా దగ్గరికి లాక్కుపోతుంది. నియమం ఉంటేనే పదార్థం నిలకడగా ఉంటుందని 1967లో డైసన్, లెనార్డ్ గణితంగా నిరూపించారు. ఆ నిరూపణ చాలా పొడుగు, చాలా కష్టం. 1975లో లీబ్, థిరింగ్ దాన్ని ఎంతో సులువు చేశారు. రెండు కిలోల ఇనుము ఒక కిలో ఇనుము కంటే రెండింతలు చోటు ఎందుకు తీసుకుంటుంది అన్న మామూలు ప్రశ్నకు గట్టి జవాబు దొరకడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. నాకు భౌతికశాస్త్రంలో చాలా ఇష్టమైన ఫలితం ఇది. పాఠాల్లో దీనికి ఒక్క పేరా కూడా ఇవ్వరు, అది బాధగా ఉంటుంది.

రసాయనశాల:

క్వార్కు గారూ, "బరువులో చాలా భాగం శక్తి" అన్నారు. ఇలాంటి మాటలే తరగతి గదిలో ఇబ్బంది పెడతాయి. పిల్లలు వెంటనే "అయితే పదార్థం, శక్తి ఒకటేనా?" అంటారు. "పదార్థం శక్తిగా మారుతుంది" అని ఐన్‌స్టయిన్ చెప్పాడని చాలా పుస్తకాల్లో ఉంది కూడా. మీరేమంటారు?

క్వార్కు:

ఆ వాక్యం రాయవద్దనే తొలిపొద్దు గారికి నా సలహా. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

శక్తి అనేది ఒక వస్తువు కాదు. వేగం లాగా, ఆవేశం లాగా అది వస్తువులకు ఉండే ఒక రాశి. "కారు వేగంగా మారింది" అని అనం కదా. 1905లో ఐన్‌స్టయిన్ చూపించింది ఏమిటంటే, నిలకడగా ఉన్న వ్యవస్థకు ఉన్న ద్రవ్యరాశి, దానిలోని శక్తి ఒకే రాశికి రెండు కొలతలు అని. పదార్థం గురించి ఆ E = mc² సమీకరణం ఏమీ చెప్పదు. అందులో ఉన్నది ద్రవ్యరాశి.

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి మాయమైతే రెండు ఫోటాన్లు వస్తాయి, ఒక్కోదానికి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. పెట్ స్కాన్ యంత్రం పట్టుకునేది వీటినే. ఇక్కడ పదార్థ కణాలు పోయి కాంతి కణాలు వచ్చాయి. శక్తి మాత్రం ముందు ఎంతో తర్వాత కూడా అంతే. ఈ సంఘటన మొత్తం ఏదీ బయటికి పోని ఒక పెట్టెలో జరిగితే పెట్టె తూకం కూడా మారదు. విడిగా ఒక ఫోటాన్‌కు విరామ ద్రవ్యరాశి (కదలకుండా ఉన్నప్పటి ద్రవ్యరాశి) లేదు, పెట్టెలో చిక్కుకున్న కాంతి మాత్రం పెట్టె బరువును పెంచుతుంది. "కాంతికి బరువు లేదు" అని మొండిగా రాస్తే ఇక్కడ తప్పవుతుంది.

సూర్యుడిని తీసుకోండి. సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశి కాంతిగా బయటికి పోతోంది. "అంత పదార్థం నాశనమైపోతోంది" అంటారు. నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతుంది. ముందు నాలుగు ప్రోటాన్లు ఉన్నాయి. తర్వాత రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్నాయి. బరువైన కణాల లెక్క నాలుగుకు నాలుగూ ఉంది. తగ్గింది ద్రవ్యరాశి, అది కూడా సుమారు 0.7 శాతం. గట్టిగా కట్టుకున్నాయి కాబట్టి శక్తి తగ్గింది, శక్తి తగ్గింది కాబట్టి ద్రవ్యరాశి తగ్గింది.

మాస్టారి రంగంలోనూ ఇదే జరుగుతుంది, కానీ కనబడదు. కిలో కార్బన్ పూర్తిగా మండితే వచ్చే వేడికి తగ్గట్టు తగ్గే ద్రవ్యరాశి అర మైక్రోగ్రాము కూడా ఉండదు. ఏ తక్కెడకు చిక్కుతుంది? అందుకే చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదన్న లవోయిజియే సూత్రం మీ ప్రయోగశాలలో ఇప్పటికీ పనిచేస్తోంది.

రసాయనశాల:

ఇది నాకు నచ్చింది. "మారుతుంది" బదులు "ద్రవ్యరాశి తగ్గింది, ఆ మేరకు శక్తి బయటికి వెళ్లింది" అని రాస్తే పిల్లలకూ కష్టం కాదు. కానీ తొలిపొద్దు గారికి ఒక మాట: క్వార్కులు, గ్లువాన్లు హైస్కూలు వ్యాసంలో పెట్టకండి. పరమాణువు దగ్గర ఆగండి.

ఆకాశదీపం:

డార్క్ మేటర్ అడిగారు కదా, దాని గురించి నేను చెబుతాను.

విశ్వశాస్త్రంలో మేటర్ అనే మాటకు అర్థం పూర్తిగా వేరు. చోటు ఆక్రమించడంతో పని లేదు. విశ్వం పెద్దదవుతున్నప్పుడు ఒక సరుకు ఎలా పలచబడుతుంది అన్నదే ప్రశ్న. దూరాలు రెట్టింపయితే ఘనపరిమాణం 8 రెట్లు అవుతుంది. నెమ్మదిగా కదిలే కణాల సాంద్రత 8వ వంతుకు తగ్గుతుంది. అలా తగ్గేదంతా మేటర్. కాంతి అయితే 16వ వంతుకు తగ్గుతుంది, ఎందుకంటే ఫోటాన్లు పలచబడటమే కాక ఒక్కోదాని తరంగదైర్ఘ్యం సాగి శక్తి సగమవుతుంది. అది రేడియేషన్. ఇక విశ్వం పెరగడాన్ని వేగం చేస్తోందనుకునే డార్క్ ఎనర్జీ పలచబడుతున్నట్టు లెక్కలో తీసుకోరు, అది స్థిరంగా ఉంటుందన్నది ఇప్పటి మామూలు నమూనా. ఈ మూడు పెట్టెల్లో దేనిలో పడితే దాని పేరు.

డార్క్ మేటర్‌ను మేటర్ అనడానికి కారణం ఇదే. అది మొదటి పెట్టె ప్రకారం నడుస్తుంది, గుంపులు కడుతుంది, గురుత్వాకర్షణతో లాగుతుంది. 1933లో జ్విక్కీ కోమా గెలాక్సీ గుంపును చూసి, అందులోని గెలాక్సీలు ఇంత వేగంగా తిరుగుతూ కూడా చెదిరిపోకుండా ఉండటానికి కనిపించే బరువు చాలదన్నాడు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ అంచుల్లోని వేగాలు కొలిచి ప్రచురించారు. కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ వేగం పడిపోవాలి, అలా పడిపోలేదు. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం ఇప్పటి విశ్వంలో మామూలు పదార్థం సుమారు 5 శాతం, డార్క్ మేటర్ సుమారు 27, డార్క్ ఎనర్జీ సుమారు 68. మనం ఇప్పటిదాకా ఈ చర్చలో వాదించుకున్నదంతా ఆ 5 శాతం గురించే.

అన్నట్టు, మా వాళ్ల మాటల్లో ఇంకో వింత కూడా ఉంది. ఖగోళశాస్త్రంలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ "లోహాలే". ఆక్సిజన్ కూడా. కెమిస్ట్రీ మాస్టారు క్షమించాలి.

మబ్బుచాటు:

మరి న్యూట్రినోలు అనే అతి తేలిక కణాలు ఏ పెట్టె?

ఆకాశదీపం:

మంచి ప్రశ్న. అవి పెట్టె మారతాయి. తొలి విశ్వంలో వాటి వేగం దాదాపు కాంతి వేగం, కాబట్టి రేడియేషన్ లెక్కలో వేస్తాం. విశ్వం చల్లబడేకొద్దీ ఆ పాత న్యూట్రినోలు నెమ్మదించాయి, ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం మేటర్ లెక్కలోకి వస్తాయి. వాటికి ద్రవ్యరాశి ఉందని 1998లో సూపర్ కమియోకాండే ప్రయోగం చూపించబట్టే ఇది చెప్పగలుగుతున్నాం. కణం అదే, గుణాలు అవే, పేరు మాత్రం కాలంతో మారింది. క్వార్కు గారి లెక్కలో మాత్రం న్యూట్రినో మొదటి నుంచీ పదార్థమే, లెప్టాన్ కాబట్టి.

తర్కపాదం:

మీ మాటలు చదువుతుంటే ఒకటి తోస్తోంది. ఎవరు ఈ మాట వాడినా దాని ఎదురుగా ఇంకొకటి పెట్టి వాడుతున్నారు. మాస్టారు వేడికి, వెలుగుకి ఎదురుగా పెట్టారు. క్వార్కు గారు బలాలను మోసే కణాలకు ఎదురుగా పెట్టారు. ఆకాశదీపం గారు రేడియేషన్‌కు ఎదురుగా పెట్టారు. ఎదురుగా ఏముందో చూస్తే ఈ మాట అర్థం తెలిసిపోతుంది, అది చూడకపోతే గొడవ తప్పదు.

తత్త్వశాస్త్రంలో కూడా ఇంతే. అరిస్టాటిల్ పదార్థాన్ని రూపానికి ఎదురుగా పెట్టాడు. కంచు విగ్రహంలో కంచు పదార్థం, విగ్రహం ఆకారం రూపం. ఆయన దృష్టిలో పదార్థం అంటే ఏదైనా కాగలిగేది. బరువు, చోటు అక్కడ ముఖ్యం కాదు. డెకార్ట్ మనసుకు ఎదురుగా పెట్టాడు. వ్యాపించి ఉండటమే పదార్థ లక్షణం అన్నాడు, అందుకే ఆయన లెక్కలో శూన్యం అసాధ్యం. చోటు ఉన్నదంటే పదార్థం ఉన్నట్టే. న్యూటన్ దాన్ని ఒప్పుకోలేదు. 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో మొట్టమొదటి నిర్వచనమే పదార్థ పరిమాణం గురించి, సాంద్రతను ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది అని. చోటు ఒకటైనా సరుకు ఎక్కువ తక్కువ ఉండొచ్చు అని దాని అర్థం. మీ బడి నిర్వచనంలో ఈ రెండు ఆలోచనలూ పక్కపక్కన కూర్చున్నాయి.

మన దర్శనాల్లో గీత ఇంకోచోట పడుతుంది. వైశేషికంలో పదార్థం అంటే మాటతో చెప్పగలిగే ఏ విషయమైనా సరే. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరు, తర్వాతివాళ్లు అభావాన్ని ఏడోదిగా చేర్చారు. అంటే "లేకపోవడం" కూడా పదార్థమే! ఇంగ్లిష్ మేటర్‌కు దగ్గరగా వచ్చేది అందులోని ద్రవ్యం. అదీ పూర్తిగా కాదు. తొమ్మిది ద్రవ్యాల్లో పృథివి, జలం, తేజస్సు, వాయువుతో పాటు ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు ఉన్నాయి. సాంఖ్యంలో ఇంకా ఆశ్చర్యం. బుద్ధి, అహంకారం, మనస్సు అన్నీ ప్రకృతి వైపే. పురుషుడు, అంటే చైతన్యం, ఒక్కటే అవతలి వైపు. డెకార్ట్ మనసును పదార్థానికి అవతల పెట్టాడు, సాంఖ్యం దాన్ని ఇవతలే ఉంచింది. ఇది చిన్న తేడా కాదు, మెదడు గురించి, తెలివి గురించి ఇప్పుడు జరిగే వాదాల్లో సగం ఈ గీత ఎక్కడ గీయాలన్నదే.

అచ్చుపని:

నేను సైన్సు మనిషిని కాదు, ప్రెస్సులో పనిచేసినవాణ్ని. మాకు మేటర్ అంటే రాత. "మేటర్ వచ్చిందా?", "మేటర్ ఎక్కువైంది, రెండు పేరాలు కోయాలి" అంటాం. సీసం అక్షరాలు పేర్చే రోజుల్లో కంపోజ్ అయిన అక్షరాల దిమ్మనే మేటర్ అనేవారు, దానికి నిజంగానే బరువుండేది. మళ్లీ వాడతామని విప్పకుండా ఉంచిన దిమ్మ స్టాండింగ్ మేటర్. ఇప్పుడు స్క్రీన్ మీద బరువు లేకపోయినా మాట మిగిలింది. అక్కడ దాని ఎదురుగా ఉండేవి బొమ్మలు, ప్రకటనలు. తర్కపాదం గారి మాట ప్రెస్సులోనూ సరిపోయింది.

మామూలు మాటల్లో "అసలు మేటర్ ఏంటి?" అంటే విషయం, "వాడిలో మేటర్ ఉంది" అంటే సరుకు. ఈ రెండూ పిల్లలకు ముందే తెలుసు. మేటర్ అని మొదలుపెట్టి పదార్థం దగ్గరికి తీసుకెళ్లండి, బెదరరు.

నాడి:

గ్రే మేటర్ గురించి రెండు ముక్కలు. నాడీకణాల దేహాలు ఎక్కువగా ఉన్న భాగం ధూసర పదార్థం. మయలిన్ తొడుగున్న తంతువులు ఉన్న భాగం శ్వేత పదార్థం, ఆ తెలుపు మయలిన్‌లోని కొవ్వు వల్ల. మెదడులో ధూసరం ఎక్కువగా బయటి పొరలో, శ్వేతం లోపల. వెన్నుపాములో తారుమారు. బతికున్న మెదడులో ధూసరం రక్తం వల్ల కొంచెం గులాబీ, గోధుమ కలిసినట్టు ఉంటుంది. ఇక్కడ మేటర్ అంటే కణజాలం, అంతే. పాత వైద్య పుస్తకాల్లో చీమును కూడా మేటర్ అన్నారు.

గాలి కాలుష్యంలో మేటర్ అంటే వాయువు కానిది. పీఎం (పార్టిక్యులేట్ మేటర్) 2.5 అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్న వ్యాసం ఉన్న కణాలు. ఘన కణాలు, ద్రవ బిందువులు రెండూ ఉంటాయి. అవి దేనితో తయారయ్యాయో ఆ పేరు చెప్పదు. మసి కావచ్చు, దుమ్ము కావచ్చు, సల్ఫేటు కావచ్చు. సైజు ఒక్కటే లెక్క, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో ఎంత లోతుకు పోతుందో తేల్చడంలో సైజుదే పెద్ద పాత్ర.

తొలిపొద్దు:

అందరికీ చాలా థాంక్స్. యాంటీమేటర్ ఒక్కటి మిగిలింది. దానికి ఎదురుగా ఉన్నది మేటరే కదా. అంటే అది పదార్థం కాదని రాయాలా?

క్వార్కు:

రాయకండి. అక్కడ మేటర్ అంటే మన చుట్టూ ఉన్న ఆవేశాల రకం అని మాత్రమే. ప్రోటాన్‌కు ఎదురు ప్రతిప్రోటాన్, ఎలక్ట్రాన్‌కు ఎదురు పాజిట్రాన్. పాజిట్రాన్‌ను 1932లో ఆండర్సన్ కనుక్కున్నాడు, ప్రతిప్రోటాన్ 1955లో దొరికింది. రెండింటికీ ద్రవ్యరాశి ఉంది, ధనాత్మకమే. వర్జన నియమం పాటిస్తాయి. ప్రతిహైడ్రోజన్ పరమాణువును వదిలితే కిందికే పడుతుందని 2023లో సెర్న్‌లోని ఆల్ఫా ప్రయోగం చూపించింది. మాస్టారి నిర్వచనం ప్రకారం, నా నిర్వచనం ప్రకారం, ఆకాశదీపం గారి నిర్వచనం ప్రకారం అది పదార్థమే. "ప్రతిపదార్థం ఒక రకం పదార్థం, మన రకంతో కలిస్తే రెండూ మాయమై ఎక్కువగా కాంతి, ఇతర కణాలు వస్తాయి" అంటే చాలు.

అసలు తేలని ప్రశ్న వేరు. తొలి విశ్వంలో రెండు రకాలూ దాదాపు సమానంగా ఉండి ఒకదాన్నొకటి తుడిచేసుకున్నాయి. వంద కోట్లకు ఒకటి చొప్పున మన రకం ఎక్కువ ఉండబట్టి ఇప్పుడున్న నక్షత్రాలు, మనమూ మిగిలాం. ఆ ఒక్కటి ఎందుకు ఎక్కువైందో ఎవరికీ తెలియదు. ఇది మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పండి. తెలియనిది ఇంత పెద్దది ఉందంటే వాళ్లు కళ్లు పెద్దవి చేసి వింటారు.

తొలిపొద్దు:

తప్పకుండా. మొదటి పేరా ఇలా రాశాను, చూడండి:

"గాలి, నీరు, రాయి, చెట్టు, మన శరీరం, ఇవన్నీ పదార్థంతో తయారయ్యాయి. వీటికి ద్రవ్యరాశి ఉంటుంది, చోటును తీసుకుంటాయి. వెలుగు, వేడి, శబ్దం అలాంటివి కావు. పై తరగతుల్లో శాస్త్రవేత్తలు ఈ మాటను వేరే అర్థాల్లో వాడటం వింటారు. అప్పుడు వాళ్లు దేనితో పోల్చి మాట్లాడుతున్నారో అడగండి. గాలికి బరువుందో లేదో తెలుసుకోవడానికి ఒక బెలూన్‌ను ఊదకముందు, ఊదిన తర్వాత తూచి చూడండి."

రసాయనశాల:

పేరా బాగుంది, ఆ "అడగండి" అన్న వాక్యం తీసెయ్యొద్దు. బెలూన్ మాత్రం మార్చండి. ఊదిన బెలూన్ తన చుట్టూ ఉన్న గాలిని అంత మేరా పక్కకు నెడుతుంది, ఆ గాలి దాన్ని పైకి తేలుస్తుంది. లోపలి గాలి బరువులో చాలా భాగం అలా రద్దయిపోతుంది, మామూలు తక్కెడలో తేడా తెలియదు. పిల్లలు గాలికి బరువు లేదని తేల్చేస్తారు. దాని బదులు ఫుట్‌బాల్ తీసుకోమనండి. ముందు గుండ్రంగా నిలబడేంత గాలి ఉంచి తూచాలి, తర్వాత పంపుతో గట్టిగా కొట్టి మళ్లీ తూచాలి. బంతి సైజు పెద్దగా మారదు కాబట్టి పైకి తేల్చే బలం రెండుసార్లూ ఒకటే. 5 లీటర్ల పైన పట్టే బంతిలో లోపలి పీడనం దాదాపు రెట్టింపయితే 5, 6 గ్రాముల తేడా వస్తుంది. గ్రాము చూపించే చిన్న డిజిటల్ తక్కెడ సరిపోతుంది.

తొలిపొద్దు:

మార్చేశాను మాస్టారూ. ఘన, ద్రవ, వాయు స్థితుల మీద రెండో వ్యాసం రాసి వచ్చే వారం ఇక్కడే పెడతాను.